మానవ పరిణామ వృక్షాన్ని చదవడం ఎలా?

జీవపరిణామాన్ని సొంతంగా చదువుకోవాలని కూర్చున్నవారిలో చాలామంది శిలాజాల పేర్లతో మొదలుపెట్టి, ఆ పేర్లు నోరు తిరగకముందే పుస్తకం మూసేస్తారు. నిజానికి పేర్లు చివర రావలసినవి. ముందు నేర్చుకోవలసింది కొమ్మలు గీయడం, గీసిన కొమ్మలను సరిగా చదవడం. చార్లెస్ డార్విన్ 1859లో తన సిద్ధాంతాన్ని వివరిస్తూ వెలువరించిన గ్రంథం మొత్తంలో ఉన్న బొమ్మ ఒక్కటే. అది కొమ్మలుగా చీలుతూ పోయే గీతల పటం. కాబట్టి ఒక కాగితం, ఒక పెన్సిలు, ఒక రబ్బరు దగ్గర పెట్టుకోండి. రబ్బరు అవసరం ఎందుకో చివరికి వచ్చేసరికి తెలుస్తుంది.

అంతకంటే ముందు, వంగి నడిచే కోతితో మొదలై నిటారుగా నిలిచిన మనిషితో ముగిసే ఆ ప్రసిద్ధమైన వరుస బొమ్మను మనసులోంచి తీసేయాలి. పరిణామం గురించి జనంలో ఉన్న అపోహల్లో సగానికి ఆ బొమ్మే మూలమని నా అభిప్రాయం. అది పరిణామాన్ని మెట్ల వరుసగా చూపిస్తుంది. పరిణామం జరిగిన తీరు మాత్రం కొమ్మలుగా చీలడం.

పటం గీయడం

కాగితం పై అంచున ఎడమ నుంచి కుడికి ఒరాంగుటాన్, గొరిల్లా, చింపాంజీ, మనిషి అని రాయండి. ఇవన్నీ నేడు బతికి ఉన్న జాతులు కనుక అన్నీ ఒకే ఎత్తులో ఉండాలి. చింపాంజీ నుంచి, మనిషి నుంచి కిందికి చెరొక గీత గీసి ఒకచోట కలపండి. ఆ కలిసే చోటును కణుపు అందాం. ఈ కణుపు దగ్గర సుమారు 60 నుంచి 70 లక్షల ఏళ్లు అని రాసుకోండి. ఆ కణుపు నుంచి ఇంకా కిందికి వెళ్లి గొరిల్లా గీతను కలిపితే సుమారు 80 లక్షల నుంచి కోటి ఏళ్లు, మరింత కిందికి వెళ్లి ఒరాంగుటాన్ గీతను కలిపితే సుమారు కోటీ ఇరవై లక్షల నుంచి కోటీ అరవై లక్షల ఏళ్లు. ఈ అంకెలు జన్యు పోలికల నుంచి, శిలాజాల నుంచి కట్టిన అంచనాలు గనుక వాటిని ఇలా హద్దులతోనే గుర్తుంచుకోవడం మంచిది.

ఇప్పుడు చదవడం. బంధుత్వాన్ని కొలిచేది పైన రాసిన పేర్ల వరుస కాదు, రెండు జాతులు కలవడానికి ఎంత కిందికి దిగాలన్నది. ఏ కణుపు దగ్గరైనా దాని పైనున్న రెండు కొమ్మలను అటుదిటు తిప్పి గీసినా అర్థం మారదు. ఒకసారి తిప్పి చూడండి: చింపాంజీని కుడి అంచుకు తెచ్చి, మనిషిని గొరిల్లా పక్కన పెట్టండి. పటం చెప్పే విషయం అక్షరం కూడా మారలేదు, కానీ మనిషి ‘చివరి మెట్టు’ అన్న భ్రమ పోయింది. ఈ పటం నుంచి మరొక సంగతీ తేలుతుంది. ఒళ్లంతా రోమాలతో పిడికిళ్ల మీద నడిచే చింపాంజీ, అలాగే నడిచే గొరిల్లాకు దగ్గర చుట్టమని కన్ను చెబుతుంది. పటం ప్రకారం మాత్రం చింపాంజీకి గొరిల్లా కంటే మనిషే దగ్గర చుట్టం.

“మనిషి కోతి నుంచి పుడితే కోతులు ఇంకా ఎందుకున్నాయి?” అన్న ప్రశ్నకు జవాబు కూడా ఆ కణుపులోనే ఉంది. పెదనాన్న పిల్లలు ఇంకా ఉన్నారు గనుక మనం పుట్టి ఉండే అవకాశం లేదని ఎవరూ వాదించరు. మనం వాళ్లకు పుట్టలేదు, వాళ్లకూ మనకూ తాత ఒక్కడే. కణుపు దగ్గరున్న ఉమ్మడి పూర్వీకులు నేటి చింపాంజీలు కారు, మనుషులూ కారు. అక్కడి నుంచి మన కొమ్మ మారినన్ని సంవత్సరాలూ చింపాంజీల కొమ్మ కూడా మారుతూనే వచ్చింది.

కొమ్మ లోపల జరిగేది

పటంలోని ఒక్కొక్క గీత ఒక జంతువుకు గుర్తు కాదు, తరతరాలుగా సాగే ఒక జనాభాకు గుర్తు. ఏ జీవీ తన జీవితకాలంలో పరిణామం చెందదు. జనాభాలో ఏ లక్షణం ఎంతమందికి ఉందన్న నిష్పత్తి తరం నుంచి తరానికి మారడమే పరిణామం. అందుకు కావలసిన షరతులు మూడు. ఒకే జాతిలోని జీవుల మధ్య తేడాలుండాలి, ఆ తేడాల్లో కొన్నైనా తల్లిదండ్రుల నుంచి పిల్లలకు సంక్రమించాలి, ఆ తేడాల వల్ల కొన్ని జీవులు మిగతావాటి కంటే ఎక్కువ సంతానాన్ని మిగల్చాలి. ఈ మూడూ ఉన్నచోట ప్రకృతి వరణం జరగక తప్పదు.

దీన్ని కళ్లారా చూసిన చోటు గలాపగోస్ దీవుల్లోని డాఫ్నే మేజర్ అనే చిన్న దీవి. పీటర్ గ్రాంట్, రోజ్‌మేరీ గ్రాంట్ దంపతులు 1973 నుంచి అక్కడి ఫించ్ పక్షులను పట్టి, కాళ్లకు గుర్తు కడియాలు తొడిగి, ముక్కు లోతును, అంటే పై నుంచి కిందికి దాని మందాన్ని, కొలిచి, వదిలేసేవారు. 1977లో తీవ్రమైన కరువు వచ్చింది. మెత్తని చిన్న గింజలు త్వరగానే అయిపోయాయి; మిగిలినవి పల్లేరు జాతి మొక్కకు కాసే గట్టి ముళ్లకాయల వంటివి. లోతైన, బలమైన ముక్కున్న పక్షి ఆ కాయను చీల్చి గింజ తీసుకోగలిగేది, సన్నని ముక్కున్న పక్షి దాన్ని వదిలేసి పోవలసి వచ్చేది. కొలతలో ఈ ముక్కుల మధ్య తేడా మిల్లీమీటరులో భాగాలే. మధ్యరకం నేల ఫించ్‌లలో అత్యధిక భాగం ఆ కరువులో చచ్చిపోయాయి, బతికినవాటిలో పెద్ద ముక్కులవే ఎక్కువ, వాటి పిల్లల ముక్కులు కరువుకు ముందరి తరం కంటే సగటున దాదాపు 4 శాతం లోతుగా వచ్చాయి. ఆ తర్వాత 1983లో విపరీతంగా వానలు కురిసి చిన్న గింజలు పుష్కలం కావడంతో ఈసారి చిన్న ముక్కులవాటికి అనుకూలించింది.

ఈ ఉదాహరణను మళ్లీ ఒకసారి చదివి రెండు విషయాలు గమనించండి. ఏ ఒక్క పక్షి ముక్కూ కరువు వచ్చిందని పెరగలేదు. ఉన్న పక్షుల్లో ఏవి మిగిలాయన్నదే మారింది. అలాగే, మార్పుకు ముందే నిర్ణయించిన దిశ లేదు. గింజలు మారితే దిశ మారింది. పరిణామం గురించి మీరు రాసుకునే ప్రతి వాక్యాన్ని ఈ రెంటితో సరిచూసుకోవడం మంచి అలవాటు. “ఎత్తైన కొమ్మలు అందుకోవడానికి జిరాఫీ మెడ పెంచుకుంది” అన్న వాక్యం ఈ పరీక్షలో నిలవదు. “మెడ పొడవులో తేడాలున్న జనాభాలో, కాస్త పొడుగు మెడలవి ఎక్కువ సంతానాన్ని మిగల్చడంతో సగటు మెడ తరతరాలుగా పొడవైంది” అంటే నిలుస్తుంది. ఆ లాభం ఆహారం వల్ల వచ్చిందా, మగ జిరాఫీల పోట్లాటల వల్ల వచ్చిందా అన్నది వేరే చర్చ.

తేడాలు ఎక్కడి నుంచి వస్తాయన్నది తర్వాతి ప్రశ్న. డీఎన్‌ఏ నకలు అయ్యేటప్పుడు దొర్లే మార్పులే ఉత్పరివర్తనాలు. ప్రతి మానవ శిశువులోనూ తల్లిదండ్రుల్లో లేని కొత్త మార్పులు సుమారు 60 నుంచి 70 వరకు ఉంటాయి. వాటిలో చాలా వరకు మంచీ చేయవు, చెడూ చేయవు. ఏ మార్పు వస్తుందన్నది జీవి అవసరంతో నిమిత్తం లేని యాదృచ్ఛికం. వచ్చిన మార్పుల్లో ఏది నిలుస్తుందన్నది మాత్రం యాదృచ్ఛికం కాదు. “ఇంతటి శరీరం కేవలం కాకతాళీయంగా ఏర్పడిందా?” అని అడిగేవారు ఈ రెండో సగాన్ని వదిలేసి అడుగుతున్నారు. చిన్న జనాభాల్లో లాభనష్టాలతో పని లేకుండా కేవలం అదృష్టం కొద్దీ కొన్ని లక్షణాలు వ్యాపించడమో మాయమవడమో కూడా జరుగుతుంది. దాన్ని జన్యు విస్తాపనం అంటారు. మొదటిసారి చదివేవారికి ఆ పేరు తెలిస్తే చాలు.

సాక్ష్యాన్ని తూచడం

రెండు జీవులు ఒకేలా కనిపించినంత మాత్రాన చుట్టాలు కావు. సొరచేపకూ డాల్ఫిన్‌కూ శరీరాకృతి ఒకటే, కానీ ఒకటి చేప, మరొకటి ఊపిరితిత్తులతో శ్వాసించి పిల్లలకు పాలిచ్చే క్షీరదం. నీటిలో వేగంగా ఈదడానికి పనికొచ్చే ఆకారం ఆ రెంటికీ విడివిడిగా ఏర్పడింది. కాబట్టి బంధుత్వం తేల్చాలంటే, పనికొచ్చే పోలికల కంటే ఏ పనికీ రాని పోలికలను వెతకాలి. ఇద్దరు విద్యార్థుల జవాబులు సరైనవై ఒకేలా ఉంటే అనుమానించనక్కర లేదు, తప్పులు కూడా అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే అవి ఒకే మూలం నుంచి వచ్చినట్టే.

అలాంటి ఉమ్మడి తప్పు మన డీఎన్‌ఏలోనే ఉంది. చాలా క్షీరదాలు తమకు కావలసిన సి విటమిన్‌ను కాలేయంలో సొంతంగా తయారు చేసుకుంటాయి. మనం చేసుకోలేం, అందుకే దాన్ని ఆహారం నుంచే పొందాలి. ఆ తయారీలో చివరి దశకు కావలసిన ఎంజైము జన్యువు మనలో లేకపోలేదు. భాగాలు ఊడిపోయి పని చేయని శిథిలంలా అక్కడే పడి ఉంది. చింపాంజీలలో, గొరిల్లాలలో, కోతులలో కూడా అదే జన్యువు అదే విధంగా చెడిపోయి ఉంది. గినీపిగ్‌లు కూడా సి విటమిన్ తయారు చేసుకోలేవు గాని, వాటిలో ఆ జన్యువు చెడిన తీరు వేరు. అది వేరే కొమ్మపై విడిగా జరిగిన సంఘటన.

ఇంతకంటే అందమైన సాక్ష్యం క్రోమోజోముల, అంటే కణంలో డీఎన్‌ఏ చుట్టుకుని ఉండే పోగుల, లెక్కలో ఉంది. దీన్ని తొందరపడకుండా చదవాలి. చింపాంజీ, గొరిల్లా, ఒరాంగుటాన్ మూడింటికీ 24 జతల క్రోమోజోములు, మనిషికి 23. ఉమ్మడి పూర్వీకులు ఉన్న మాట నిజమైతే, మన కొమ్మపై ఒక జత ఎక్కడికి పోయిందో చెప్పగలగాలి. ఒక జత మొత్తంగా పోతే జీవి బతకదు గనుక, రెండు క్రోమోజోములు ఒకదానికొకటి అతుక్కుని ఉండాలి. అలా అతుక్కుని ఉంటే దాని గుర్తులు ఎలా ఉండాలో ముందే చెప్పవచ్చు. ప్రతి క్రోమోజోము రెండు కొసల్లోనూ టీటీఏజీజీజీ అనే ఆరు డీఎన్‌ఏ అక్షరాల వరుస వందల నుంచి వేల సార్లు పునరావృతమవుతుంది. కొసలకు రక్షణగా ఉండే ఈ భాగం పేరు టెలోమియర్. రెండు క్రోమోజోములు కొసలు కలిపి అతుక్కుంటే ఈ అక్షరాలు ఒక క్రోమోజోము నడుమ, పైగా అతుకు దగ్గర దిశ తిరగబడి కనిపించాలి. కణవిభజనలో పట్టుకోడానికి ఉపయోగపడే సెంట్రోమియర్ కూడా ఒకటి పని చేసేది, మరొకటి పని మానేసింది ఉండాలి. మన రెండో క్రోమోజోమును పరిశీలిస్తే ఈ గుర్తులన్నీ కనిపించాయి. అతుకు ఉన్న చోటును 1991లోనే గుర్తించారు. దాని రెండు భాగాలూ చింపాంజీలోని రెండు వేర్వేరు క్రోమోజోములకు వరుస తప్పకుండా సరిపోతాయి.

ఈ సందర్భంలోనే ఒక హెచ్చరిక. మనిషికీ చింపాంజీకీ డీఎన్‌ఏ 98 శాతమో 99 శాతమో ఒకటేనని తరచూ చదువుతాం. 2005లో చింపాంజీ జన్యుక్రమాన్ని ప్రచురించినప్పుడు, పక్కపక్కన పేర్చగలిగిన భాగాల్లో ఒక్కొక్క అక్షరం తేడా సుమారు 1.2 శాతమని తేలింది. కొత్తగా చేరిన, ఊడిపోయిన ముక్కలను కూడా లెక్కిస్తే తేడా పెరుగుతుంది. శాతం కనిపించినప్పుడల్లా దేన్ని లెక్కించారో చూడాలి.

కాలం

శిలాజాల వయసు అనగానే కార్బన్ పరీక్ష అని రాసేస్తుంటారు. కార్బన్-14 అర్ధజీవితకాలం, అంటే అందులో సగం క్షయమవడానికి పట్టే కాలం, సుమారు 5,730 ఏళ్లు గనుక 50,000 ఏళ్లు దాటినవాటికి ఆ పద్ధతి దాదాపు పనికిరాదు. లక్షల ఏళ్ల నాటి ఎముకలకు వాటి చుట్టూ ఉన్న రాయి వయసు చూడాలి. అగ్నిపర్వత బూడిద పొరల్లోని పొటాషియం-40 దాదాపు 125 కోట్ల ఏళ్ల అర్ధజీవితకాలంతో క్షయమవుతూ, అందులో కొంత భాగం ఆర్గాన్‌గా మారుతుంది. ఎముకకు పైన ఒక బూడిద పొర, కింద ఒక బూడిద పొర దొరికితే ఎముక వయసు ఆ రెంటి మధ్య ఉంటుంది. తూర్పు ఆఫ్రికా శిలాజాల కాలాలను అంత నమ్మకంగా చెప్పగలగడానికి అక్కడి అగ్నిపర్వతాలే కారణం.

మన కొమ్మపై శిలాజాలు

ఇప్పుడు మీ పటంలో చింపాంజీ కణుపు నుంచి మనిషి వరకు ఉన్న గీత వద్దకు రండి. దొరికిన శిలాజాలను ఆ గీత మీదే పూసల్లా గుచ్చకూడదు. ఒక్కొక్కదాన్ని పక్కకు చీలిన చిన్న రెమ్మగా గీయాలి. ఏ శిలాజమైనా మన నేరు పూర్వీకుడిదా, ఆ పూర్వీకుడి దాయాదిదా అన్నది ఎముక చూసి తేల్చడం కష్టం కనుక అదే నిజాయితీగల పద్ధతి.

ఈ కొమ్మ తొలి రోజులవిగా ఎంచేవాటిలో ఛాద్ దేశంలో 2001లో దొరికిన, సుమారు 70 లక్షల ఏళ్ల నాటి సహెలాంత్రోపస్ పుర్రె ఒకటి. ఇథియోపియాలోని ఆర్డిపితెకస్‌కు 44 లక్షల ఏళ్లు. అందరికీ తెలిసిన పేరు లూసీ. 1974లో ఇథియోపియాలోని హదార్‌లో డొనాల్డ్ జోహాన్సన్ బృందం కనుగొన్న, 32 లక్షల ఏళ్ల నాటి, దాదాపు 40 శాతం ఎముకలు దొరికిన అస్థిపంజరం అది. లూసీ జాతి పుర్రెల్లో మెదడు పరిమాణం చింపాంజీ కంటే కొంచెమే ఎక్కువ, నేటి మనిషి సగటైన సుమారు 1,350 ఘన సెంటీమీటర్లలో మూడో వంతు. అయినా తొడ ఎముక మోకాలి వైపు లోపలికి వాలి ఉంటుంది, కటి వలయం పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది. రెండు కాళ్లపై నడిచే జీవిలో ఒంటికాలి మీద బరువు నిలిచే క్షణంలో శరీరం పక్కకు ఒరగకుండా ఉండడానికి ఆ వాలు కావాలి. టాంజానియాలోని లేటోలి వద్ద 1978లో మేరీ లీకీ బృందం వెలికితీసిన, దాదాపు 36.6 లక్షల ఏళ్ల నాటి బూడిదలో ముద్రపడిన అడుగుజాడలు ఇదే చెబుతాయి: బొటనవేలు పక్కకు విచ్చుకోకుండా మిగతా వేళ్లతో సమంగా ఉంది. అంటే మన కొమ్మపై నడక ముందు వచ్చింది, పెద్ద మెదడు చాలా ఆలస్యంగా వచ్చింది.

ఈ వరుసను పండితులు కూడా తేలికగా ఒప్పుకోలేదు. మనిషిని మనిషిని చేసింది మెదడే గనుక అదే ముందు పెరిగి ఉండాలని నమ్మిన రోజుల్లో, 1912లో ఇంగ్లండులోని పిల్ట్‌డౌన్ వద్ద పెద్ద పుర్రె, కోతి దవడ కలిగిన ‘తొలి మానవుడు’ దొరికాడని ప్రకటించారు. 1924లో దక్షిణాఫ్రికాలోని టాంగ్ వద్ద చిన్న మెదడున్న ఒక పసిబిడ్డ పుర్రె దొరికింది. దానిలో వెన్నుపాము బయటికి వచ్చే రంధ్రం పుర్రె వెనక కాకుండా అడుగున ఉండడం చూసి, అది నిటారుగా నడిచిన జీవిదని రేమండ్ డార్ట్ వాదించాడు. చాలామంది అది కేవలం ఒక వానరం పిల్లదని కొట్టిపారేశారు. 1953లో పిల్ట్‌డౌన్ పుర్రె మనిషిదనీ, దవడ ఒరాంగుటాన్‌దనీ, పళ్లను ఆకురాయితో అరగదీసి రంగు వేసి అతికించారనీ బయటపడింది. ఆ మోసాన్ని పట్టుకున్నది శాస్త్రవేత్తలేనన్నది నిజమే. నలభై ఏళ్లు పట్టిందన్నదీ అంతే నిజం.

హోమో ప్రజాతిలోకి వస్తే రెమ్మలు గుబురుగా మారతాయి. హోమో ఎరెక్టస్‌ను యూజీన్ డుబోయ్ 1891లో జావాలో కనుగొన్నాడు. కెన్యాలోని తుర్కానా సరస్సు దగ్గర 1984లో దొరికిన, 15 లక్షల ఏళ్లు దాటిన కుర్రవాడి అస్థిపంజరాన్ని కూడా చాలామంది ఆ జాతిలోనే చేరుస్తారు. జార్జియాలోని ద్మనీసి పుర్రెలను బట్టి సుమారు 18 లక్షల ఏళ్ల కిందటే మన కొమ్మవారు ఆఫ్రికా దాటారని తెలుస్తుంది. మన సొంత జాతి హోమో సేపియన్స్ తొలి రూపాలు మొరాకోలోని జెబెల్ ఇర్హూద్‌లో సుమారు 3 లక్షల ఏళ్ల నాటివి. అటూఇటుగా అదే కాలంలో దక్షిణాఫ్రికాలో మన మెదడులో సగం కూడా లేని హోమో నలేడి, యూరప్‌లో మనకు దగ్గర చుట్టాలైన నియాండర్తల్‌లు బతుకుతున్నారు. ఇండోనేసియాలోని ఫ్లోరెస్ దీవిలో మీటరు పొడవున్న మరో జాతి ఉండేది. భూమిపై ఒకే మానవజాతి ఉండడమన్నది గత కొన్ని పదుల వేల ఏళ్ల విశేషమే.

కొమ్మల మధ్య చుక్కల గీతలు

2010లో స్వాంటే పాబో బృందం నియాండర్తల్ జన్యుక్రమాన్ని ప్రచురించింది; ఈ పరిశోధనలకు ఆయనకు 2022లో నోబెల్ బహుమతి వచ్చింది. ఆఫ్రికా వెలుపలి మూలాలున్న నేటి మనుషుల డీఎన్‌ఏలో దాదాపు 2 శాతం నియాండర్తల్‌ల నుంచి వచ్చిందని తేలింది. అంటే మన పూర్వీకులు ఆఫ్రికా నుంచి బయటికి వచ్చాక వారితో పిల్లల్ని కన్నారు. కాబట్టి మీ పటంలో నియాండర్తల్ రెమ్మ నుంచి మన గీతకు చుక్కల గీత ఒకటి గీయండి. అదే ఏడాది సైబీరియాలోని డెనిసోవా గుహలో దొరికిన చిటికెన వేలి ఎముక ముక్క నుంచి తీసిన డీఎన్‌ఏ ద్వారా అంతకుముందు ఎవరికీ తెలియని మరో మానవ సమూహం బయటపడింది. ఎత్తైన ప్రాంతాల్లో తక్కువ ఆక్సిజన్‌ను తట్టుకోవడానికి టిబెటన్లకు తోడ్పడే జన్యురూపం డెనిసోవన్‌ల నుంచి వచ్చిందే. దానికీ ఒక చుక్కల గీత గీయాలి.

ఇక మీరు కొత్త శిలాజం గురించిన వార్త చదివేటప్పుడు ఈ పటాన్ని పక్కన పెట్టుకోండి. ఏ ఎముకలు దొరికాయి, వయసును ఏ పద్ధతితో కట్టారు, డీఎన్‌ఏ గాని ప్రోటీన్లు గాని దొరికాయా అన్నవి వార్తలో వెతకండి. “తెగిపోయిన లంకె దొరికింది” అన్న శీర్షికను పట్టించుకోనక్కర లేదు. లంకె అనే మాట గొలుసుకు చెందుతుంది, మీరు గీసింది చెట్టు. పేరును మాత్రం పెన్సిలుతోనే రాయండి. చైనాలోని హార్బిన్‌లో దొరికిన ఒక భారీ పుర్రెను 2021లో హోమో లాంగి అనే కొత్త జాతిగా ప్రకటించారు. 2025లో ఆ పుర్రె ప్రోటీన్లనూ, పళ్ల మీది గారలో మిగిలిన డీఎన్‌ఏనూ పరిశీలిస్తే అది డెనిసోవన్‌లదని తేలింది. అప్పటివరకు వేలి ఎముక, పళ్లు, దవడ ముక్క వంటివాటితోనే తెలిసిన ఆ సమూహానికి ముఖమంటూ ఏర్పడింది. పటంలో విడివిడిగా గీసిన రెండు రెమ్మలను చెరిపి ఒకటిగా గీయవలసి వచ్చింది.